గోదారాల తిలకం, మెస్రంల కాలినడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వంశాలు, గోత్రాలు, ఇంటిపేర్ల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి, అందులో ఎక్కువ ఉత్తరాది రైతు కులమైన జాట్ల గురించే. చదువులకని, వ్యాపారాలకని, కోతలకని ఉత్తరాది వాళ్లు మన వరంగల్, కరీంనగర్ వైపు బాగా వస్తున్నారు కాబట్టి ఈ ఆసక్తి పుట్టడం సహజమే.

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్ ఎన్‌ఐటీలో చదువుతున్నాడు. వాడి రూమ్మేట్‌ది రాజస్థాన్, పేరు చివర గోదారా అని ఉంటుంది, జాట్ల అబ్బాయి. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు, బికనీర్ రాజు గద్దెనెక్కేటప్పుడు తిలకం దిద్దే హక్కు మా వంశానిదే అన్నాడు. వ్యవసాయం చేసుకునే వాళ్లకు అలాంటి హక్కు ఉంటుందా? గోదారా అంటే మన గోదావరికి ఏమన్నా సంబంధమా?
— ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: నమ్మండి సార్. ఆ పిల్లవాడు గొప్పలకు పోయి చెప్పింది కాదు, రాసిపెట్టి ఉన్న సంగతే. గోదావరితో మాత్రం ఏ సంబంధమూ లేదు, అది జాట్లలో ఒక గోత్రం. అక్కడ గోత్రం అంటే పూజలో పంతులుకు మనం చెప్పే ఋషి పేరు లాంటిది కాదు. మన ఇంటిపేరులా, ఫలానా మూలపురుషుడి నుంచో ఫలానా ఊరి నుంచో వచ్చామని చెప్పుకునే వంశం పేరు.

ఈ ముచ్చట పదిహేనో శతాబ్దంలోది. ఇప్పటి బికనీర్, చురూ, హనుమాన్‌గఢ్ జిల్లాలున్న ఎడారిలోకి అప్పటికి రాఠోడ్ రాజులు రాలేదు. గోదారా, సారణ్, పూనియా, బెనీవాల్, సిహాగ్, కస్వా లాంటి జాట్ గోత్రాలు ఎవరి ఊళ్లు వాళ్లు ఏలుకునేవి. ఏలుకోవడం అంటే పెద్ద పెద్ద కోటలు ఊహించుకోవద్దు, పశువుల మందలు, లోతు బావులు, వాన పడ్డ ఏడు సజ్జ పంట, తగవు వస్తే తీర్చే ఒక పెద్దమనిషి, అంతే. జోధ్‌పూర్ కట్టిన రాఠోడ్ రాజు రావ్ జోధా కొడుకు బీకా సొంత రాజ్యం వెతుక్కుంటూ 1465లో ఇటు బయల్దేరాడు, 1488లో బికనీర్ పట్నం కట్టాడు. ఈ మధ్యకాలంలోనే గోదారాల పెద్ద పాండు అతనితో చేయి కలిపాడు.

ఎందుకు కలిపాడు అన్నదానికి అక్కడి జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది. షేఖ్‌సర్ పెద్ద పాండు చేతికి ఎముక లేని మనిషట. అతని దానగుణాన్ని ఒక పాటగాడు భాడంగ్‌లో సారణ్‌ల పెద్ద పూలా ఇంట్లో పొగిడాడు. పూలా భార్య మల్కీ ఆ పొగడ్తకు వంత పలికింది, పూలా కోపంతో ఆమెను కొట్టాడు, ఆమె ఆ ఇల్లు విడిచి పాండు దగ్గరికే వెళ్లిపోయింది. దాంతో మిగతా గోత్రాలు గోదారాల మీద కత్తి కట్టాయి, పాండు బీకా సాయం అడిగాడు. మల్కీ పేరు మీద మల్కీసర్ అనే ఊరు కూడా ఉందక్కడ. నాకు ఈ కథలో అన్నిటికంటే మల్కీయే గుర్తుండిపోతుంది. చేయి చేసుకున్న మొగుడి ఇంట్లో ఇక ఉండనన్న ఆడమనిషి పేరును ఒక ఊరు మోస్తోందంటే చిన్న విషయం కాదు.

రాజస్థాన్ వంశాల చరిత్రను 1829, 1832లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించిన కర్నల్ జేమ్స్ టాడ్ మాత్రం, జోహియాలనే పొరుగు వంశంతో గోదారాలకు ఉన్న పాత పగను కారణంగా చెప్పాడు. గోదారాలు పెట్టిన షరతులు కూడా రాశాడు: జోహియాల మీద పోరులో తమ పక్షాన నిలబడాలి, పడమటి సరిహద్దును భట్టీల దాడుల నుంచి కాపాడాలి, తమ హక్కుల జోలికి రాకూడదు. బీకా ఒప్పుకున్నాడు. దానికి గుర్తుగా, తనూ తన తర్వాత వచ్చే వాళ్లూ గద్దెనెక్కేటప్పుడు గోదారా పెద్దల వారసుల చేతనే తిలకం పెట్టించుకుంటామని మాట ఇచ్చాడు.

కాబట్టి ఆ తిలకాన్ని రాజుగారు దయతలచి ఇచ్చిన మర్యాదగా చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. అది ఒప్పందం మీద వేలిముద్ర లాంటిది. ఈ నేల నీకంటే ముందు మాది, మేం ఒప్పుకుంటేనే నువ్వు రాజువి అని ప్రతి తరంలో గుర్తుచేయడం. మేవాడ్‌లో మహారాణాకు భిల్లుల పెద్ద తిలకం దిద్దే ఆచారాన్నీ టాడ్ రాశాడు, అక్కడా ఇదే తర్కం.

ఇక్కడితో ఆపేస్తే మీ అబ్బాయికి సగం చరిత్రే తెలుస్తుంది. మిగతా గోత్రాలు ఒక్కొక్కటే రాఠోడ్‌ల కిందికి వచ్చాయి, తిలకం పెట్టిన చేతులే శిస్తు కట్టాయి. రాను రాను జాగీర్దార్లు లాగ్-బాగ్ అనే పేరుతో పెళ్లికో పన్ను, పశువుకో పన్ను వేసి, బేగార్ పేరుతో ఊరికే పని చేయించుకున్నారు, మన దొరలు వెట్టి చేయించినట్టే. 1940లలో చురూ వైపు దూధ్‌వాఖారాలో హనుమాన్ సింగ్ నాయకత్వంలో జాట్ రైతులు జాగీర్దారు మీద తిరగబడ్డారు. ఇదే దశకంలో, 1946 జులై 4న, మన కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణాలిచ్చాడు. అక్కడ మహారాజు, ఇక్కడ నిజాం, కింద నలిగిన రైతు ఒక్కడే. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి తిలకం కంటే ఇది ఇంకా దగ్గరి విషయం.

ఇంకో మాట. గోదారా అన్న పేరున్న ప్రతివాళ్లూ తమను జాట్‌లని చెప్పుకోరు. 1485లో జాంభోజీ బిష్ణోయి మార్గం మొదలుపెట్టి, చెట్టు నరకొద్దు, జీవిని చంపొద్దు అంటూ 29 నియమాలు ఇచ్చినప్పుడు జాట్లు చాలామంది అందులో చేరారు. అందుకే బిష్ణోయిల్లోనూ గోదారాలు ఉన్నారు.

ప్రశ్న: ప్రతి ఏడు వరి కోతలకు పంజాబ్ నుంచి హార్వెస్టర్లు మా ఊరికి వస్తాయి. ఈసారి వచ్చిన డ్రైవర్లలో ఒకతను సిద్ధూ, ఒకతను బ్రార్. మేమిద్దరం అన్నదమ్ముల లెక్క, పటియాలా రాజులది కూడా మా వంశమే అన్నారు. హార్వెస్టర్ నడిపేటోళ్లు రాజుల వంశం ఎట్లయితరు?
— ఒక రైతు, జమ్మికుంట

జవాబు: అవుతారన్నా, ఎందుకు కారు! జాట్ గోత్రం అంటే వేల కుటుంబాలు. అందులో ఒక ఇంటికి రాజ్యం దక్కితే మిగతా ఇళ్లు నాగలి పట్టుకునే ఉంటాయి. బ్రార్‌లు సిద్ధూల్లోంచి చీలిన శాఖ, అందుకే అన్నదమ్ములం అన్నారు. ఆ సిద్ధూ-బ్రార్ వంశంలో పదిహేడో శతాబ్దంలో ఫూల్ అనే ఆయన ఉండేవాడు. ఆయన సంతానమే పటియాలా, నాభా, జీంద్ సంస్థానాలు ఏలింది, ఆ మూడింటినీ కలిపి ఫుల్కియాన్ రాజ్యాలు అంటారు. పటియాలా స్థాపించిన ఆలా సింగ్ 1765లో చనిపోయాడు.

ఇంకా వెనక్కి పోతే, జైసల్మేర్ కట్టిన భట్టి రాజు జైసల్ మా మూలపురుషుడు అంటారు. ఆ వరుసలో ఒకతను జాట్ల అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు వాళ్ల సంతానం జాట్లలో కలిసిందట. ఇలా తండ్రి రాజ్‌పుత్, తల్లి జాట్ అనే కథ చాలా జాట్ గోత్రాలకు ఉంది. ఇన్ని గోత్రాలకూ ఒకే రకం కథ ఎలా ఉంటుందో ఆలోచించండి. 1881 పంజాబ్ జనాభా లెక్కల నివేదిక రాసిన ఇబ్బెట్‌సన్, జాట్లకూ రాజ్‌పుత్‌లకూ తేడా రక్తంలో కంటే హోదాలో ఉందన్నాడు. జాట్లు వితంతువులకు మళ్లీ పెళ్లి చేసేవాళ్లు, దాన్ని కరేవా అంటారు. అది చేయని వాళ్లు తమను పై మెట్టు వాళ్లమనుకున్నారు. నన్నడిగితే, భర్త పోయిన పిల్లకు జీవితం లేదనే ఆచారం కంటే ఇదే మేలు. కాకపోతే చాలాసార్లు ఆమెను మరిదికే కట్టబెట్టేవారు, భూమి ఇల్లు దాటకుండా ఉండటానికి. ఆమె ఇష్టం ఎంతమంది అడిగారన్నది వేరే బాధ.

ప్రశ్న: యూట్యూబ్‌లో ఒకరు జాట్లు శివుడి జటల నుంచి పుట్టారంటారు, ఒకరు మధ్య ఆసియా నుంచి వచ్చిన శకులు అంటారు, ఇంకొకరు కృష్ణుడి యాదవులు అంటారు. ఏది నిజం?
— డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: తమ్ముడూ, మొదటిది నీకు తెలిసిన కథే. దక్షయజ్ఞంలో శివుడు జట పీకి నేలకు కొడితే వీరభద్రుడు పుట్టాడు, కురవిలో, కొత్తకొండలో మనం మొక్కే ఆ వీరభద్రుడే. జాట్లు ఆ కథలోకి తమను చేర్చుకున్నారు. భక్తిగా వినాల్సిన కథ, చరిత్రగా నిరూపించాల్సింది కాదు.

శకులు అన్నది పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయ అధికారుల ఊహ. టాడ్, కన్నింగ్‌హామ్ లాంటి వాళ్లు గ్రీకు, రోమన్ రచనల్లో ఉన్న గెటె లాంటి పాత జాతుల పేర్లకూ జాట్ అనే మాటకూ పోలిక కట్టారు. పేర్లు ఒకేలా వినిపించినంత మాత్రాన వంశం ఒకటి కాదు.

గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, సింధ్ ప్రాంతంలో అరబ్బుల కాలానికే జాట్లు ఉన్నారు, అరబ్ రచయితలు వాళ్లను జుత్త్ అన్నారు. ఎక్కువగా పశువులు మేపుకునే వాళ్లు. 1027లో గజనీ మహమూద్ సింధు నది మీద పడవలతో జాట్లతో యుద్ధం చేశాడు. తర్వాతి శతాబ్దాల్లో వాళ్లు పంజాబ్ వైపు, యమున వైపు విస్తరించి రైతులుగా స్థిరపడ్డారు. నీళ్లు తోడే పర్షియన్ చక్రం రావడం కూడా ఇందుకు తోడ్పడిందని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ వాదించాడు. అక్బర్ పాలన వివరాలు రాసిన 1595 నాటి ఐనీ అక్బరీలో ఏ పరగణాలో జమీందార్లు ఎవరో రాశారు, అందులో పంజాబ్ నుంచి ఆగ్రా సుబా దాకా జాట్లు కనిపిస్తారు. ఆ తర్వాత వంద, నూటయాభై ఏళ్లలో సిన్సినీ అనే ఊరి పేరు మోసే సిన్సిన్వార్ గోత్రం భరత్‌పూర్ రాజ్యం కట్టింది, ఆ వంశపు సూరజ్‌మల్ 1761లో ఆగ్రా కోటనే పట్టుకున్నాడు. అన్ని గోత్రాలదీ ఒకే పుట్టుక అనుకోవడం దండగ. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన గుంపులు భూమి దగ్గర కలిసి జాట్లు అయ్యాయనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. హిందువులు, సిక్కులు, ముస్లింలు ముగ్గురిలోనూ జాట్లున్నారు, బాజ్వా, చీమా లాంటి పేర్లు సరిహద్దుకు రెండు వైపులా వినిపిస్తాయి.

ఇక కృష్ణుడి యాదవులం అన్నదీ వంశానికి గొప్ప మూలం తెచ్చుకునే కథే. రాజ్యం రాగానే సూర్యవంశమో చంద్రవంశమో తెచ్చుకోవడం అక్కడి వాళ్లకే ఉన్న అలవాటు అనుకోకు. మన కాకతీయులనే చూడు. వర్ణం చెప్పిన శాసనాల్లో ఎక్కువ వాటిలో వాళ్లు చతుర్థ కులం, అంటే శూద్రులు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం దుర్జయ వంశపు వెన్నరాజు నుంచి, కాకతి అనే ఊరి నుంచి వంశాన్ని మొదలుపెడుతుంది. అదే గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనానికి వచ్చేసరికి సూర్యవంశం వచ్చి చేరింది. చెరువు తవ్వించిన వాళ్లకు సూర్యుడి ఆసరా అక్కర్లేదని నా అభిప్రాయం. బయ్యారం చెరువు నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది, అంతకంటే గొప్ప వంశావళి ఏముంటుంది? ఏ వంశకథ విన్నా ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అప్పుడు వాళ్లకు దాని అవసరం ఏమిటి అని అడుగు.

ప్రశ్న: నేను మా మేనబావను పెళ్లి చేసుకున్నాను. మా ఆఫీసులో పనిచేసే హర్యానా జాట్ అమ్మాయి అది విని షాక్ అయింది, మా దగ్గర అయితే అది అన్నాచెల్లెళ్ల పెళ్లి అంది. నాకు చాలా బాధేసింది. వాళ్ల పద్ధతి ఏమిటి?
— ఒక సోదరి, కరీంనగర్

జవాబు: బాధపడకమ్మా, ఆ అమ్మాయి పెరిగిన పద్ధతే వేరు. జాట్లలో సంబంధం చూసేటప్పుడు సొంత గోత్రం, తల్లి గోత్రం, నాయనమ్మ గోత్రం వదిలేస్తారు, చాలాచోట్ల అమ్మమ్మ గోత్రం కూడా. ఒకే ఊళ్లో పుట్టిన వాళ్లు గోత్రం వేరైనా అన్నాచెల్లెళ్లే. మనకు మేనమామ ఇల్లు వరసైన ఇల్లు, వాళ్లకు పుట్టిల్లుతో సమానం. చట్టానికి మీ పెళ్లితో పేచీ లేదు, 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి చుట్టరికాల్లో కూడా ఆచారం ఉన్నచోట పెళ్లిని ఒప్పుకుంటుంది. దగ్గరి రక్తసంబంధాల్లో పిల్లలకు కొన్ని జన్యు జబ్బులు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, కాబట్టి పిల్లల కోసం ఆలోచిస్తుంటే ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి. టెన్షన్ పడాల్సిన పని లేదు.

అయితే ఆ గోత్రాల నియమం పేరుతో జరిగిన ఘోరాల గురించి మాట్లాడకుండా వారసత్వం గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోవచ్చని 1946లోనే చట్టం వచ్చింది. అయినా హర్యానాలో ఖాప్ పంచాయతీల, అంటే గోత్రం పెద్దల సభల, తీర్పులకు, బంధువుల కోపానికి పిల్లలు బలయ్యారు. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకున్న పెళ్లిలో ఖాప్‌లు తలదూర్చడం చట్టవిరుద్ధమని 2018 మార్చి 27న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కులం పేరుతో మన దగ్గర జరుగుతున్న హత్యలు కూడా ఇంతే నీచం. అదే ఖాప్‌లు రైతుల కోసం నిలబడ్డ రోజులూ ఉన్నాయి. ముజఫర్‌నగర్ జిల్లా సిసౌలీలో బాల్యాన్ ఖాప్ పెద్ద మహేంద్ర సింగ్ టికాయత్ 1988లో లక్షల మంది రైతులతో ఢిల్లీ బోట్ క్లబ్ దగ్గర బైఠాయించాడు. ఆ బలం పిల్లల మీద కాకుండా ప్రభుత్వం మీద వాడినప్పుడే దానికి విలువ.

ప్రశ్న: ఇలా వంశం అంతా ఒక్కటై చేసే ఆచారం మన ఉత్తర తెలంగాణలో ఉందా?
— ఒక టీచర్, నిర్మల్

జవాబు: మీ పక్కనే ఉంది మేడమ్. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతర మెస్రం వంశం గోండులది. పుష్య మాసంలో వాళ్లు జన్నారం వైపు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి, గోదావరి నీళ్లు ఝరి అనే పాత్రలో తెచ్చి, అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ ఏడు వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికీ పెద్దలకూ చూపించే భేటింగ్ కూడా అప్పుడే. భేటింగ్ అయ్యాకే ఆమె పూర్తిగా మెస్రం ఇంటి మనిషి. వాళ్ల వంశకథను కీక్రి వాయిస్తూ పాడేది ప్రధాన్ తెగ వాళ్లు. జాట్ల వంశావళిని భాట్‌లు, జాగాలు అనే వంశకథకులు పోథీల్లో, అంటే పుస్తకాల్లో, రాసి ఊరూరా తిరిగి చదివినట్టే. గోండుల్లోనూ ఒకే సంఖ్య దేవతలున్న వంశాల మధ్య పెళ్లి కుదరదు. ఎడారిలో గోదారాలు, అడవిలో మెస్రంలు, ఇద్దరికీ వారసత్వం అంటే ఫోటోకు దండ వేసి ఊరుకునేది కాదు, తరం తరం ఒళ్లు వంచి చేసే పని. మీ స్కూల్ పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా వంశచరిత్ర రాద్దామని ఉంది. మాకు రాజుల కథలేవీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, పరకాల

జవాబు: రాజులు లేకపోవడమే మంచిది సార్, అబద్ధాలు తక్కువ ఉంటాయి. ముందు ఇంట్లో పెద్దవయసు ఆడవాళ్లను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి. మగవాళ్లు తాతల పేర్లు చెబుతారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి పిల్లను ఇచ్చారో, ఏ కరువుకు ఎవరు ఎటు పోయారో ఆడవాళ్లకే గుర్తుంటుంది. తర్వాత మీ కులానికి కథ చెప్పే వాళ్లను వెతకండి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజ్‌లకు కాకిపడగల వాళ్లు, కాపులకు పిచ్చకుంట్ల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. కొందరి దగ్గర చేర్యాల నకాషీలు వేసిన పటాలు ఇంకా ఉన్నాయి. వాళ్లకు పారితోషికం ఇచ్చి, కథ పూర్తిగా పాడించుకుని వినండి. మధ్యలో ఆపి తేదీలు అడగొద్దు, కథ అయ్యాక అడగండి.

ఆ తర్వాత కాగితాలు. తహసీల్ ఆఫీసులో 1954-55 కాస్రా పహాణీ నకలు తీసుకోండి, అందులో పట్టాదారు పేరు, సాగులో ఉన్న మనిషి పేరు వేర్వేరుగా ఉంటాయి. మీ తాత పేరు రెండో గడిలో మాత్రమే ఉంటే, ఆ భూమి కథ ఇంకా లోతుగా అడగాలన్నమాట. సర్వే ఆఫీసులో శేత్వార్, అంటే సర్వే నంబర్ల వారీ పాత భూమి రికార్డు, కూడా చూడండి. నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉంటాయి, చదవగలిగే పెద్దాయనను ఎవరినైనా వెంట తీసుకెళ్లండి, ఆ లిపి చదివేవాళ్లు ఊళ్లలో తగ్గిపోతున్నారు కాబట్టి ఈ పని వచ్చే ఏడుకు వాయిదా వేయకండి.